మార్చి నెలాఖరున కెసెల్‌బర్గ్ దారి

ఎండ కాస్త మొహం చూపిస్తే చాలు, మ్యూనిక్‌లో సైకిళ్ళున్న మనవాళ్ళు చాలామంది టెగెర్న్‌జే సరస్సు వైపే బయల్దేరతారు. అది మంచి చోటే, కాదనను. కానీ ఆల్ప్స్ పాదాల దగ్గర వసంతం ఎలా మొదలవుతుందో చూడాలంటే నా మాట విని కోఖెల్ అనే ఊరి మీదుగా కెసెల్‌బర్గ్ కనుమ ఎక్కండి. నాలుగేళ్ళుగా మార్చి నెలాఖరుకి అక్కడికే వెళ్తున్నాను.

మొదటి రోజు గ్రూన్‌వాల్డ్, వోల్ఫ్‌రాట్స్‌హౌజెన్ మీదుగా బెనెడిక్ట్‌బోయెర్న్ దాకా సుమారు 60 కిలోమీటర్లు. ఫ్యోన్ అనే దక్షిణపు గాలి వీచే రోజైతే కొండలు చెయ్యి చాస్తే అందేలా కనిపిస్తాయి. ఒంటికి వెచ్చగా ఉంటుంది గానీ దారంతా ఎదురుగాలే. పొలాలకు పేడనీళ్ళు చల్లేది కూడా ఈ రోజుల్లోనే, ఆ వాసన ఊరూరా వెంట వస్తుంది. నీళ్ళ సంగతి మరిచిపోకండి. వేసవిలో ఇక్కడి సైకిల్‌వాళ్ళు చర్చి పక్క శ్మశానాల కుళాయిల దగ్గర సీసాలు నింపుకుంటారు. గొట్టాలు గడ్డకట్టి పగలకుండా చలికాలంలో వాటిని కట్టేస్తారు, మార్చిలో చాలాచోట్ల ఇంకా తెరవరు.

బస దగ్గర నాకు ఒకసారి దెబ్బ తగిలింది. చలికాలం సందడి అయిపోయి వేసవిది మొదలుకాని రోజులు కదా, గాస్ట్‌హాఫ్‌లనే భోజనం, బస దొరికే సత్రాలు చాలామటుకు సెలవు తీసుకుంటాయి. నేను దిగినచోట వంటగది మూసేశారు, సైకిల్ బయటే పెట్టమన్నారు. తెల్లారేసరికి గొలుసంతా మంచు పట్టి గేర్లు కదల్లేదు. అప్పటినుంచి ముందే ఫోన్ చేసి రెండు విషయాలు అడుగుతున్నాను: సైకిల్ లోపల పెట్టనిస్తారా, రాత్రికి భోజనం ఉందా? ఈసారి దొరికిన పెన్షన్‌లో (ఇక్కడ చిన్న బసని అలాగే అంటారు) గది ఇరుకే. కానీ సైకిల్‌ని బాయిలర్ గదిలో పెట్టుకోనిచ్చారు, తడిసిన బూట్లు కూడా పొద్దున్నకల్లా ఆరిపోయాయి. ఈ కాలంలో నాకు అంతకన్నా అక్కర్లేదు. గుడ్డు తినే శాకాహారులకైతే చీజ్ వేసిన ష్పేట్స్‌లె (గుడ్డు కలిపిన పిండితో చేసే నూడుల్స్ లాంటిది) దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది.

బెనెడిక్ట్‌బోయెర్న్‌లో మఠం చూడకుండా రాకండి. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే నల్లగీతలను జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాన్‌హోఫర్ 1814లో పరిశీలించింది ఇక్కడే. ఆయన పనిచేసిన గాజు కొలిమి ఇప్పుడు మ్యూజియం.

రెండో రోజు అసలైన దారి. కోఖెల్ దాటగానే కొండ వాలు మీద ఆరు లావాటి గొట్టాలు కనిపిస్తాయి. 1924లో మొదలైన జలవిద్యుత్ కేంద్రానివి అవి. పైనున్న వాల్ఖెన్‌జే సరస్సు నీళ్ళు వాటిలోంచి 200 మీటర్లు కిందికి దూకుతాయి. కనుమ దాకా మనం ఎక్కాల్సింది అంతకన్నా కాస్త ఎక్కువే: సుమారు 5 కిలోమీటర్లలో 250 మీటర్లు. కాళ్ళు చలికి బిగుసుకుపోయి ఉన్నా ఎక్కగలిగే వాలే. రోడ్డు జారకుండా చలికాలమంతా చల్లిన సన్న కంకర మాత్రం ఇంకా ఊడ్చి ఉండదు. మలుపుల లోపలి అంచున పోగుపడి టైరు కింద చిటపటలాడుతుంది. ఎక్కేవాళ్ళకు అది చప్పుడే, దిగేవాళ్ళను పడేస్తుంది. అందుకే ఈ దారిని కోఖెల్ వైపు నుంచే తొక్కాలంటాను. శని, ఆదివారాల్లో ఎక్కేవైపు మోటార్‌సైకిళ్ళను రానివ్వరు కూడా.

1786లో ఇటలీకి వెళ్తూ జర్మన్ కవి గోథే కూడా ఈ కనుమ దాటాడు. దిగీదిగగానే ఉర్‌ఫెల్డ్ దగ్గర సరస్సు. ఒడ్డున ఆగి డబ్బా తెరిస్తే ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర చల్లబడి, పల్లీలు మెత్తబడి ఉంది. ఎదురుగా నీళ్ళు, అవతల మంచు కొండలు. అంత రుచిగా ఇంట్లో ఎప్పుడూ తినలేదు. ఆదివారం ఇక్కడ దుకాణాలు తెరవరు, బేకరీలు దొరికితే పొద్దున్నే. కాబట్టి తిండి వెంట ఉండాల్సిందే.

ఐన్‌జీడెల్ అనే చోటు నుంచి సరస్సు దక్షిణపు ఒడ్డున యాఖెనావ్ ఊరి వైపు వెళ్ళే అడవి రోడ్డులో కార్లకు టోల్ ఉంది, సైకిళ్ళకు లేదు. నీడలో పొద్దున పూట మంచుపెళ్ళలు ఉంటాయి, పది దాటాక వెళ్ళండి. యాఖెనావ్ నుంచి లెంగ్రీస్ దాకా దాదాపు అంతా దిగుడే. మంచు కరిగిన పచ్చికలో తెల్ల స్నోడ్రాప్ పూలు అప్పుడే తలెత్తుతున్నాయి.

మ్యూనిక్‌కి తిరుగు రైలు లెంగ్రీస్‌లోనే ఎక్కండి, లైను అక్కడే మొదలవుతుంది. సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, అయినా చోటు ఉంటేనే ఎక్కనిస్తారు. నేను ఎక్కేసరికి సైకిళ్ళ చోటంతా ఖాళీ. దారిలో వచ్చే బాట్ టోల్జ్ స్టేషన్‌లో సైకిళ్ళతో ఒక గుంపు ఎక్కింది, ఇద్దరు మాత్రం సైకిళ్ళు పట్టుకుని ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు.