హ్యాండిల్ లేని బండితో నాలుగేళ్లు

దారిలో ఆపి అడిగేవాళ్లంతా రెండే ప్రశ్నలు వేస్తారు. ఎంత స్పీడు పోతుంది, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుంది అని. నాలుగేళ్లుగా ఈ ఎలక్ట్రిక్ యూనిసైకిల్ మీద తిరుగుతున్నాను. స్పీడు చాలలేదని గానీ, దూరం రాలేదని గానీ ఎప్పుడూ అనుకోలేదు. నా ఇబ్బందులన్నీ ఎవరూ అడగని చోట మొదలయ్యాయి. ఈ రకం బండి కొనాలని చూసేవాళ్ల కోసం అవే రాస్తున్నాను.

చూడనివాళ్లకి ముందు రెండు ముక్కలు. ఒకటే చక్రం, మోటారు దాని లోపలే ఉంటుంది. అటూ ఇటూ మడత పెట్టే పెడళ్లు. తొక్కడానికి కాదు, నిలబడడానికి. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు, యాక్సిలరేటర్ లేదు. బండి ఎంత వంగిందో లోపలి జైరోస్కోపు, యాక్సెలెరోమీటర్ క్షణక్షణం కనిపెడుతుంటాయి. ముందుకు వాలితే చక్రం మన కిందికి రావడానికి ముందుకు ఉరుకుతుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. ముందూ వెనకా పడకుండా చూసే పూచీ బండిది, పక్కలకి పడకుండా చూసుకునే పూచీ మనది. షేన్ చెన్ అనే ఆవిష్కర్త సోలోవీల్ పేరుతో ఇలాంటిదాన్ని 2010ల మొదట్లో అమ్మకానికి తెచ్చారు. అంటే ఈ జాతి బండ్ల వయసంతా కలిపి పదిహేనేళ్లు, అటూ ఇటూగా. స్కూటర్ విప్పడం తెలిసిన చేతులు ప్రతి వీధిలో దొరుకుతాయి. దీన్ని విప్పిన చేతులు ఎన్నో మీరే ఊహించుకోండి.

మొదటి పంక్చర్ రోజున ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. సైకిల్ మెకానిక్ బండిని అటు తిప్పి ఇటు తిప్పి, "చక్రం ఎక్కణ్నుంచి ఊడుతుందండీ?" అని నన్నే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మామూలు బండిలో చక్రం విప్పడమంటే రెండు నట్ల పని. ఇక్కడ ముందు పెడళ్లు తీయాలి, తర్వాత రెండువైపులా ప్లాస్టిక్ తొడుగులు, ఆపైన బ్యాటరీ కనెక్టర్లు. అప్పుడు గానీ మోటారు నుంచి దాన్ని నడిపే కంట్రోలర్ బోర్డుకి పోయే మూడు లావు తీగలు, వాటి పక్కనే చక్రం ఎక్కడిదాకా తిరిగిందో కనిపెట్టే హాల్ సెన్సర్ల సన్న తీగలు కనిపించవు. ఈ తీగలన్నీ ఇరుసు మధ్యలో ఉన్న బొక్కలోంచే బయటికొస్తాయి. నట్టు తిప్పే తొందరలో ఒక్క తీగ నలిగినా బండి మొండికేస్తుంది.

ఇప్పుడు నేనే మార్చుకుంటాను. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకుంటాను. అట్టముక్క మీద తొడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే గుచ్చుతాను. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ నా బండిలో మూడు పొడవులున్నాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే దాని మొన బ్యాటరీ పెట్టె వైపు పోతుంది, అక్కడ పొడవకూడదు. అలవాటయ్యాక కూడా ఒక సెలవు రోజు సగం దీనికే సరి. ఇక గాలి సంగతి. రిమ్ములో మోటారే నిండి ఉండడంతో వాల్వుకి చోటుండదు, మామూలు పంపు మూతి అక్కడికి దూరదు. వంపు తిరిగిన చిన్న ఎక్స్‌టెండర్ తగిలించి గాలి కొట్టాలి. ఆ వేలెడంత ఇత్తడి గొట్టం జేబులో లేకపోతే ఎంత మంచి పంపున్నా దండగే. గాలి కాస్త తగ్గినా బండి మలుపు దగ్గర బరువెక్కి మన మాట వినదు కాబట్టి వారానికోసారైనా చూసుకోవాలి. అమ్మేవాళ్లని మొట్టమొదట అడగాల్సింది ఇదే: టైరు ఎలా ఊడుతుందో నా ముందు విప్పి చూపించండి, లేదా వీడియో చూపించండి. నసిగితే ఆలోచించుకోండి.

రెండోది పడిపోవడం. నేర్చుకునేటప్పుడు పడేవి లెక్కలోకి రావు. గోడ పట్టుకుని కొన్నాళ్లు, పిక్కలకి పెడళ్లు తగిలి నల్లబడ్డ చర్మంతో ఇంకొన్నాళ్లు, ఆ తర్వాత ఒకరోజు హఠాత్తుగా వచ్చేస్తుంది. మొదట్లో అరికాళ్ల నొప్పి మాత్రం ఎవరూ చెప్పరు. పది నిమిషాలకే దిగి నిలబడాలనిపిస్తుంది. నేను చెప్పేది అన్నీ వచ్చాక పడే పడడం గురించి.

ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఛార్జింగ్ అయిపోతే బండి నీరసించి ఆగుతుంది, మనం దిగి తోసుకుపోతాం. ఈ బండిలో మనల్ని నిలబెడుతున్నదే మోటారు. దాని బలం చాలని క్షణంలో పెడళ్లు ముందుకి ఒరిగిపోతాయి, మనం బండి కంటే ముందు వెళ్తాం. ఆ బలం ఎప్పుడు చాలదో తెలియాలంటే కొంచెం లెక్క కావాలి. మోటారు తిరుగుతున్నకొద్దీ అదే జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. బ్యాటరీ వోల్టేజీలోంచి ఆ ఎదురు వోల్టేజీ పోగా మిగిలిందే మనల్ని నిలబెట్టడానికి పనికొచ్చేది. నా బండి బ్యాటరీలో 20 సెల్ గుంపులు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉన్నాయి. నిండుగా ఉన్నప్పుడు సెల్‌కి 4.2 చొప్పున 84 వోల్టులు, సెల్ 3.5కి దిగేసరికి మొత్తం 70. అంటే పొద్దున నిశ్చింతగా పోయిన స్పీడే సాయంత్రం బ్యాటరీ సగానికి దిగాక అంచు మీది స్పీడు అవుతుంది. దానికి తోడు ఎదురుగాలో, ఎత్తో, చూడని గుంతో తగిలితే ఒక్కసారిగా ఎక్కువ బలం అడుగుతాం. అక్కడ లేదు.

బండి హెచ్చరిస్తుంది, లేదనను. ముందు బీప్ కొడుతుంది, తర్వాత పెడళ్లని వెనక్కి వంచి మనల్ని నెమ్మదించేలా చేస్తుంది. కానీ ఆ హెచ్చరిక పనిచేసేది మెల్లగా అంచుకి చేరినప్పుడే. గుంత బీప్ కొట్టి రాదు కదా. కొత్త రకం వాహనాలకి ఇది పాత జబ్బే. రెండు చక్రాల మీద తనంతట తాను నిలబడే సెగ్వే 2001 డిసెంబరులో బయటికొస్తే, 2003లో అప్పటికి అమ్మిన సుమారు 6,000 బండ్లనీ వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. బ్యాటరీ తక్కువగా ఉన్నప్పుడు బలం చాలక మనుషులు పడే అవకాశం ఉందనే. అందుకే స్పీడోమీటర్ కంటే బ్యాటరీ అంకె మీదే నా కన్ను ఉంటుంది. సగం దాటి దిగితే వేగం తగ్గిస్తాను, నాలుగో వంతుకి వస్తే నెమ్మదిగా ఇల్లు చేరతాను. ముఖం మొత్తం కప్పే హెల్మెట్, మణికట్టు గార్డులు లేకుండా ఎక్కను. పడితే మొదట నేలకి ఆనేది అరచేతులే.

దీనికి తలకిందులైన సమస్య ఇంకొకటుంది, వినగానే నవ్వొస్తుంది. బ్యాటరీ మరీ నిండుగా ఉన్నా ప్రమాదమే. ఈ బండి ఆగడమంటే మోటారు కరెంటుని తిరిగి బ్యాటరీలోకి పంపడం. వంద శాతం ఛార్జింగ్‌తో బయల్దేరి వెంటనే పల్లంలోకి దిగితే ఆ కరెంటుకి లోపల చోటుండదు, బండి గోల పెడుతుంది. అందుకే దిగుడు దారితో మొదలయ్యే రోజున తొంభై దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తాను.

మైలేజీ గురించి త్వరగా చెప్పేస్తాను. కంపెనీ లెక్కలు తేలికపాటి మనిషి, చదునైన రోడ్డు, నిలకడగా తక్కువ వేగం అన్న పద్ధతిలో వేసినవి. మీ లెక్క మీరే వేసుకోవచ్చు. నా బ్యాటరీ సుమారు 1,000 వాట్ అవర్లు, అంటే దాన్లో పట్టే శక్తికి కొలత. నా బరువుకి, నా తోలుడుకి కిలోమీటరుకి 18 వాట్ అవర్ల దాకా తింటుంది. అంటే మొత్తం ఊడ్చేస్తే 55 కిలోమీటర్లు. పైన చెప్పిన నాలుగో వంతు ముట్టుకోకూడదు కాబట్టి కొత్త బ్యాటరీతో చేతికొచ్చేది నలభై. చలికాలంలో ఇంకా తగ్గుతుంది. పెట్టె మీది అంకెలో సగం వస్తే బండి నిజం చెప్పిందనే నా లెక్క. ఛార్జింగ్‌కి ఆరేడు గంటలు పడుతుంది, నేను మెలకువగా ఉన్నప్పుడే పెడతాను.

కంపెనీ బతికుంటుందా అన్నది కొనేముందు ఎవరికీ తట్టదు. బ్రిటన్‌లో సింక్లెయిర్ సీ5 అనే మూడు చక్రాల చిన్న బండి 1985 జనవరిలో ఆర్భాటంగా వచ్చింది. ఆగస్టుకే తయారీ ఆగిపోయింది. అంత పేరున్న సెగ్వే కూడా 2020లో తన అసలు మోడల్‌కి స్వస్తి చెప్పింది. నా బండి తయారీదారు మూతపడలేదు గానీ, నేను కొన్న రెండేళ్లకే ఆ మోడల్ మానేసి కొత్తవాటి వెంటపడ్డారు. మడ్‌గార్డు విరిగితే "స్టాకు లేదు" అన్న జవాబు రావడానికి మూడు ఉత్తరాలు పట్టాయి. చివరికి ఇదే బండి పాడైపోయి మూలన పెట్టిన ఇంకొకాయన దగ్గర కొన్నాను. టైరు, ట్యూబు మామూలు సైజువి కావడం నా అదృష్టం. కొన్ని మోడళ్లకి అవీ ప్రత్యేకమే, అవి అస్సలు కొనకండి. ఇంకో మెలిక యాప్. కొత్త బండి లాక్ తీయాలంటే ఆ యాప్‌లో ఖాతా ఉండాలి, వేగం పరిమితి సడలాలంటే దాని అనుమతి ఉండాలి. ఆ సర్వరు ఆపేసిన రోజున బండి ఏమవుతుందని అడిగితే ఇప్పటిదాకా నాకు నోటి మాటే తప్ప రాతపూర్వకంగా జవాబు లేదు.

చట్టం సంగతి అడిగితే, ఇంజినీర్లు బండి తయారుచేసినంత వేగంగా నిబంధనలు పుట్టవు. జర్మనీ 2019లో చిన్న ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్డెక్కే దారి చూపింది గానీ హ్యాండిల్ లాంటిదో, పట్టుకునే కడ్డీయో ఉండాలంది. దాంతో ఇది బయటే ఉండిపోయింది. ఫ్రాన్స్ అదే ఏడాది గంటకి 25 కిలోమీటర్ల పరిమితి పెట్టి ఒంటి చక్రాన్నీ లోపలికి రానిచ్చింది. బ్రిటన్‌లో సొంత బండిని ప్రైవేటు స్థలంలో, అదీ యజమాని ఒప్పుకుంటేనే నడపాలి. అదే బండి, అదే మనిషి, సరిహద్దు దాటితే నేరం. కాబట్టి మీరుండే చోట ఇది ఏ రకం వాహనం కింద వస్తుందో ముందు తేల్చుకోండి. పోలీసులు ఆపకపోవడం అనుమతి కాదు. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఖర్చు మీ జేబులోంచే పోతుంది. నేను రద్దీ రోడ్డు ఎక్కనిది భయంతో కాదు, ఈ లెక్కతోనే.

ఊరికి తీసుకుపోదామన్నా చిక్కే. విమానాల్లో 100 వాట్ అవర్ల దాకా బ్యాటరీ మామూలుగా ఒప్పుకుంటారు, 160 దాకా విమాన సంస్థ అనుమతితో. నాది దానికి ఆరు రెట్లు. రైలు ఎక్కేటప్పుడు 24 కిలోల బరువు. ట్రాలీ పిడి పట్టుకుని దొర్లిస్తే పిల్లి పిల్లలా వెంట వస్తుంది, మెట్లు రాగానే బియ్యం బస్తా అయిపోతుంది. మూడో అంతస్తులో ఉంటూ లిఫ్టు లేనివాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఇన్ని చెప్పి ఇంకా ఎందుకు వాడుతున్నావని అడుగుతారు. పార్కింగ్ అన్న మాట నా జీవితంలోంచి పోయింది, బండి నా బల్ల కిందే ఉంటుంది. చేతులు రెండూ ఖాళీ. నడుము తిప్పితే బండి తిరుగుతుంది. గంటకి ఇరవై మీద ఖాళీ దారిలో చప్పుడు లేకుండా పోతుంటే వచ్చే ఆనందానికి పైన రాసిన తలనొప్పులన్నీ పడతాను. కానీ ఆ ఆనందం స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లకే మిగులుతుంది. ఇంట్లో ఇదొక్కటే బండి అయితే నేను వద్దనే చెబుతాను. పంక్చర్ పడ్డ మర్నాడు ఆఫీసుకి ఎలా వెళ్తారో దానికి వేరే దారి ఉండాలి.

బ్యాటరీకి ఇప్పుడు వయసొచ్చింది. కొత్తలో నలభై వచ్చేది, ఇప్పుడు ముప్పై రెండు. వరుసలో ఒక్క గుంపు సెల్స్ బలహీనపడ్డా బరువెక్కువ పడ్డప్పుడు మొత్తం వోల్టేజీ కూలుతుంది. నా బండి మొత్తం వోల్టేజీ తప్ప గుంపుల లెక్క చూపించదు. అందుకే ఏడాదికోసారి విప్పి మల్టీమీటర్‌తో ఒక్కో గుంపూ కొలిచి రాసుకుంటున్నాను. కొత్తగా కొనేవాళ్లు గుంపుల వోల్టేజీని యాప్‌లోనే చూపించే మోడల్ ఎంచుకోండి, దానికి కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. పాత బండి కొనేవాళ్లయితే ఆ అంకెలు చూడకుండా డబ్బు ఇవ్వకండి. అమ్మేవాళ్లకి ఒక మాట: ఇంత లిథియం బ్యాటరీని మామూలు పార్శిల్‌లో తీసుకోరు, దానికి ప్రత్యేక ప్యాకింగు, కాగితాలు అడుగుతారు. బండి ఎంత బాగున్నా, వచ్చి చేత్తో పట్టుకెళ్లగలిగేంత దగ్గర్లో ఉన్నవాళ్లే మీకు గిరాకీ.