గంట ఖరీదు కట్టే తీరిక పద్దు: మూడేళ్ల వాడకం తర్వాత

వినోదానికి పెట్టిన డబ్బును గడిపిన గంటలతో భాగించి ఏది చవక, ఏది ప్రియం అని చూసుకోవడం చాలామందికి తెలిసిన లెక్కే. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో మూడేళ్లు వాడాక తేలిందేమిటంటే, పద్ధతి మంచిదే గానీ అందరూ వాడే రూపంలో తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువ గంటలు మింగే కాలక్షేపమే ఎప్పుడూ గెలుస్తుంది. ఎందుకంటే ఆ లెక్కలో డబ్బుకే ఖరీదు ఉంది, కాలానికి లేదు.

ఈ లోటును ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లోనే పట్టుకున్నాడు. ఏ సరదాకైనా డబ్బూ కాలమూ రెండూ కలిపి చెల్లిస్తాం కాబట్టి, రెండూ కలిస్తేనే పూర్తి ఖరీదు అన్నాడు. ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసమే. సినిమా హాలుకు టికెట్టూ రానుపోను ఖర్చూ కలిపి 260. సినిమా రెండున్నర గంటలు, దారిలోనూ ఎదురుచూపులోనూ మరో గంటన్నర. ఇంకోపక్క ఇంట్లో చూసే ఓటీటీకి నెల చందా 300, నెలలో చూసింది 20 గంటలు. డబ్బు ఒక్కటే చూస్తే హాలు గంటకు 104, చందా 15. దాదాపు ఏడింతల తేడా.

ఇప్పుడు మీ గంటకు 100 విలువ కట్టండి. హాలుకు 260కి నాలుగు గంటల 400 కలిపి 660. చూసిన గంటకు 264. చందా వైపు, ఏం చూడాలా అని వెతకడానికి పోయిన నాలుగు గంటలూ కలిపితే 24 గంటలకు 2,400, దాని మీద చందా 300. చూసిన గంటకు 135. ఏడింతల తేడా రెండింతల లోపుకు దిగింది. ఆ 20 గంటల్లో ‘ఇది మళ్లీ చూస్తాను’ అనిపించినవి పది గంటలే అయితే, అలాంటి గంటకు 270. సినిమా నచ్చి ఉంటే హాలే కాస్త చవక! గంట విలువను 200 చేస్తే, చూసిన 20 గంటల లెక్కలోనూ ఆ రెండింతల తేడా ఇంకా తగ్గుతుంది. సంపాదన పెరిగినవాళ్లు తక్కువ సేపట్లో తీరే ఖరీదైన సరదాల వైపు మళ్లడానికి ఇదొక పెద్ద కారణం. దాన్ని విలాసం అనేస్తాం గానీ, వాళ్ల గంట ఖరీదుతో చూస్తే అది పొదుపు కూడా కావచ్చు.

పద్దులో గడులు ఎక్కువ అక్కర్లేదు: మొదలు, ముగింపు, నేరుగా పెట్టిన డబ్బు, చుట్టూ అయిన డబ్బు, వెతుకులాటకూ ప్రయాణానికీ పట్టిన సమయం, ‘మళ్లీ చేస్తానా’ అన్నదానికి అవును లేదా కాదు. పావుగంట కొలత చాలు. అయిదు నక్షత్రాల మార్కులు వేస్తే అన్నీ మూడున్నర దగ్గర పోగుపడతాయి, దేన్నీ వేరు చేయవు. అవునో కాదో మర్నాడు ఉదయం రాయాలి. అప్పటికప్పుడు రాస్తే ఆఖరి పది నిమిషాల ఊపే మార్కు వేస్తుంది. సమయం మాత్రం ఆ రాత్రే రాయాలి. రెండు రోజులు గడిస్తే ఫోన్‌లో పోయిన ముక్కలు జ్ఞాపకంలోంచి ముందుగా జారిపోతాయి. ఫోన్ చూపే వాడక సమయంతో వారానికోసారి సరిచూసుకుంటే ఆ కన్నం కనిపిస్తుంది.

గంటకు విలువ ఎంత కట్టాలన్నది అసలు చిక్కు. జీతం మొత్తాన్ని పనిగంటలతో భాగించి పెట్టడం తప్పు. రాత్రి తొమ్మిదింటి గంటను నెలజీతగాడు ఎవరికీ అమ్ముకోలేడు. అదనపు పనికి అదనపు డబ్బు నిజంగా వచ్చేవాళ్లు పన్ను పోను చేతికొచ్చేది వేసుకోవచ్చు. మిగతావాళ్లకు సగం రేటు నయం. సొంత పనుల మీద తిరిగే స్థానిక ప్రయాణ కాలానికి అమెరికా రవాణా శాఖ కట్టే విలువ కూడా గంట ఆదాయంలో సగమే. సగంతో ఒకసారి, పావుతో ఒకసారి వేసి చూడండి. రెండింటా ఒకే జవాబు వస్తే దాన్ని నమ్మవచ్చు.

ఈ పద్దు బెడిసికొట్టే చోటు ఇంకొకటి ఉంది, అదే ఎక్కువ నష్టం చేస్తుంది. చందా కట్టేశాక ఇంకో గంట చూడటానికి డబ్బేమీ పడదు, పడేది కాలమే. అయినా పద్దులో సగటు తగ్గించుకోవాలనే యావ పుడుతుంది. కట్టినదానికి గిట్టించుకోవాలని ఇష్టం లేనిదీ చూస్తాం. హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ 1985లో రాసిన నాటకాల సీజన్ టికెట్ల ప్రయోగంలో, పూర్తి ధర కట్టినవాళ్లు రాయితీ పొందినవాళ్లకంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. కాబట్టి సగటును చందా పొడిగించే రోజున మాత్రమే చూడాలి. రోజూ సాయంత్రం చూడాల్సింది ‘ఈ గంట దీనికి తగునా’ అన్నదొక్కటే. నా షీట్‌లో సగటు గడిని దాచేసి, పొడిగింపు తేదీన మాత్రమే తెరుస్తాను. పద్ధతి మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు అదే.

ఆ తేదీన ఎదురయ్యేది మరో భ్రమ: వచ్చే నెల బాగా వాడతాననుకోవడం. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ 2006లో చూపిన జిమ్ లెక్క దీనికి గట్టి సాక్ష్యం. నెలకు 70 డాలర్ల పైగా కట్టినవాళ్లు సగటున 4.3 సార్లు వెళ్లారు. ఒక్కో రాకకు 17 డాలర్ల పైనే పడింది. పది రాకల పాస్ కొనుక్కుంటే ఒక్కో రాకకు పది డాలర్లే. పొడిగించేటప్పుడు మీరు అనుకున్న గంటలు కాదు, గత మూడు నెలల్లో నిజంగా గడిపిన గంటలు పెట్టండి. చందాలు ఒకదాని తర్వాత ఒకటిగా మార్చుకునేవాళ్లు చేరిన రోజే ఆటోమేటిక్ పొడిగింపు ఆపేయడం మేలు. ఆపగానే ప్రసారం ఆగుతుందో, కట్టిన గడువు దాకా వస్తుందో షరతుల్లో ముందే చూసుకోవాలి.

ప్రకటనలతో వచ్చే చవక ప్లాన్‌కు లెక్క తేలిక. గంటకు 8 నిమిషాలు ప్రకటనలైతే, 100 విలువ గల గంటలో 13 పైచిలుకు అక్కడే పోతుంది. ఆ ప్లాన్ నెలకు 100 మిగిల్చేదైతే ఏడున్నర గంటల దాకా లాభం, ఆ పైన నష్టం. గేమ్ కన్సోల్, వాయిద్యం లాంటివాటికి కొన్న ధరలోంచి తిరిగి అమ్మితే వచ్చేది తీసేసి భాగించాలి, అంతే.

పద్దుకు అందనివీ ఉన్నాయి. నాలుగు పావుగంటలు కలిపితే ఒక గంట తీరిక కాదు; వాటిలో నవల సాగదు, ఆట నడవదు, ఫోనే మిగులుతుంది. అలాగే తీరిక విలువ తోటివాళ్ల తీరిక మీద ఆధారపడుతుంది. క్రిస్టొబాల్ యంగ్, చేయూన్ లిమ్ 2014లో చూపినట్టు ఉద్యోగం లేనివాళ్లకూ వారాంతాల్లోనే మనసు ఎక్కువ తేలికపడుతుంది, వాళ్లకు అన్ని రోజులూ ఖాళీయే అయినా. అందుకే స్నేహితులతో గడిపిన గంటకు వేరే గుర్తు పెట్టి, ఖరీదు పోల్చకుండా వదిలేస్తాను.

రోజూ రాస్తే తీరికే ఇంకో డ్యూటీ అవుతుంది. మూడు నెలలకు రెండు వారాలు రాస్తే చాలు. ఆ రెండు వారాల్లో పండగ గానీ పరీక్షలు గానీ పడకుండా చూసుకోవాలి. వంట చేస్తూ విన్న పాటలకు కాలం వేయాలా అన్న సందేహం తరచూ వస్తుంది. వంటకు ఆ సమయం ఎలాగూ పట్టేదే కాబట్టి సున్నా వేయండి. పాట కోసం పని ఆపి నిలబడ్డ నిమిషాలుంటే అవి మాత్రం రాయండి.