ఎస్‌ఎస్‌ఓ7డి తోక ఉన్న పాలిమరేస్‌లు: పట్టు ఎంత, ఖచ్చితత్వం ఎంత

పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను సైకిల్ సైకిల్‌కూ రెట్టింపు చేసే పద్ధతి) చేసి క్లోనింగ్ చేయడానికి ఫ్యూజన్, క్యూ5 అనే రెండు పాలిమరేస్‌లను (డీఎన్ఏను నకలు చేసే ఎంజైమ్‌లను) ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. రెండింటిలోనూ పాలిమరేస్‌కు ఎస్‌ఎస్‌ఓ7డి అనే 7 కిలోడాల్టన్ల బుల్లి ప్రోటీన్‌ను తోకలా అతికించారు. వేడి ఆమ్లపు ఊటల్లో బతికే సల్ఫోలోబస్ అనే ఆర్కియాది (బ్యాక్టీరియాకు వేరైన ఏకకణ జీవిది) అది. వరసతో పనిలేకుండా జంట స్ట్రాండ్ల డీఎన్ఏ ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకుంటుంది. దాంతో ఎంజైమ్ టెంప్లేట్ (నకలు తీసే మూల డీఎన్ఏ) మీద నుంచి త్వరగా జారిపోదు. ఒక్కసారి ఎక్కితే ఎన్ని బేసులు కలిపి దిగుతుందన్న లెక్కను ప్రాసెసివిటీ అంటారు. తోక పెంచేది దాన్నే.

ఈ తోక వల్లే తప్పులు తగ్గుతాయని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ఒక బేసు బదులు ఇంకొకటి పడే తప్పును దిద్దేది పాలిమరేస్‌లోనే ఉన్న 3'→5' ఎక్సోన్యూక్లియేస్, అంటే వేసిన తప్పు బేసును వెనక్కి వచ్చి కొరికేసే భాగం. ఈ దిద్దుబాటే ప్రూఫ్‌రీడింగ్. తోక దిద్దదు. ఈ భాగం లేని మామూలు పీసీఆర్ ఎంజైమ్ ట్యాక్‌కు తోక తగిలిస్తే పొడవు, వేగం వస్తాయి కానీ ప్రూఫ్‌రీడింగ్ రాదు.

అంకెలు చూడండి. 2017లో అచ్చయిన ఒక కొలత ప్రకారం, ఒక్కో రెట్టింపుకు ట్యాక్ దాదాపు 6,500 బేసులకు ఒక తప్పు చేస్తుంది. ప్రూఫ్‌రీడింగ్ ఉన్న ఇంకో ఎంజైమ్ పీఎఫ్‌యూ 2 లక్షలకు ఒకటి, ఫ్యూజన్ రెండున్నర లక్షలకు ఒకటి, క్యూ5 సుమారు 19 లక్షలకు ఒకటి. కొలిచింది క్యూ5 అమ్మే కంపెనీ వాళ్ళేనన్నది గుర్తుంచుకోవాలి. పరీక్ష మారితే అంకె మారుతుంది కాబట్టి రెండు డబ్బాల మీది అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. తోక లేని పీఎఫ్‌యూకూ తోక ఉన్న ఫ్యూజన్‌కూ ఈ అంకెల్లో పెద్ద తేడా లేదు, చూశారా?

2 కేబీ (రెండు వేల బేసుల) ముక్కను 20 సార్లు రెట్టింపు చేస్తే క్యూ5తో వందలో రెండు అణువుల్లో తప్పుంటుంది. ఫ్యూజన్‌తో పద్నాలుగో పదిహేనో. ట్యాక్‌తో ఒక్కో అణువులో సగటున ఆరు తప్పులు, అంటే మంచి క్లోన్ దొరకడం లాటరీయే.

మరి తోక నిజంగా ఖచ్చితత్వం పెంచే చోటు లేదా? ఉంది. పది పన్నెండు ఏ బేసులో, టీ బేసులో వరసగా వచ్చే చోట. అక్కడ ఎంజైమ్ దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు కొత్త స్ట్రాండ్ ఒక అక్షరం పక్కకు జరిగి అతుక్కుంటుంది. ఫలితం: ఒక బేసు ఎక్కువో తక్కువో. ట్యాక్‌తో చేసిన ముక్కను సాంగర్ సీక్వెన్సింగ్‌కు (బేసుల వరసను ఒక్కో శిఖరంగా గ్రాఫ్ మీద చదివే పద్ధతికి) పంపితే ఆ వరస దాటగానే శిఖరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి రావు. అదే ముక్కను తోక ఉన్న ఎంజైమ్‌తో చేస్తే చాలాసార్లు చివరిదాకా శుభ్రంగా వస్తుంది. టీ7 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) పాలిమరేస్‌దీ ఇదే కథ. ఈ.కోలై నుంచి అరువు తెచ్చుకున్న థయోరెడాక్సిన్ అనే ప్రోటీన్ తోడు తీసేస్తే దాని ప్రాసెసివిటీ పడిపోతుంది, రిపీట్లలో జారడం పెరుగుతుంది. మైక్రోశాటిలైట్లు (పొట్టి వరస పదేపదే వచ్చే చోట్లు), పాలీ-ఏ వరసలు చేసేవాళ్ళు తోకకు డబ్బు పెట్టవచ్చు. మామూలు ఓఆర్‌ఎఫ్ (ప్రోటీన్‌ను కోడ్ చేసే భాగం) క్లోనింగ్‌కు పెట్టే డబ్బు మాత్రం ప్రూఫ్‌రీడింగ్‌కూ, సమయం ఆదాకూ పెడుతున్నట్టు.

వాడకంలో ట్యాక్ అలవాట్లు మార్చుకోవాలి. 50 మైక్రోలీటర్లకు ఒక యూనిట్ ఎంజైమ్ చాలు, రెండు దాటితే జెల్ మీద బ్యాండ్ బదులు మరక వస్తుంది. డీనేచరేషన్ (స్ట్రాండ్లను విడదీయడం) 98 డిగ్రీల దగ్గర 5 నుంచి 10 సెకన్లు. 20 బేసులు దాటిన ప్రైమర్లకు (నకలు మొదలయ్యే పొట్టి డీఎన్ఏ ముక్కలు) ఎనీలింగ్, అంటే అవి టెంప్లేట్‌కు అతుక్కునే మెట్టు, టీఎమ్ (సగం ప్రైమర్లు విడిపోయే ఉష్ణోగ్రత) కంటే 3 డిగ్రీలు పైన. ట్యాక్‌కు లాగా 5 డిగ్రీలు కింద పెడితే అక్కర్లేని బ్యాండ్లు వస్తాయి. ఎక్స్‌టెన్షన్ (కొత్త స్ట్రాండ్ పెంచడం) కేబీకి 15 నుంచి 30 సెకన్లు. ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని చిన్న గుండ్రటి డీఎన్ఏ) అయితే 1 నానోగ్రామ్ టెంప్లేట్ సరిపోతుంది. ఎంజైమ్‌ను అన్నిటికన్నా చివర, మంచు మీదే వేయాలి. డీఎన్‌టీపీల (కొత్త స్ట్రాండ్ కట్టే ఇటుకల) కంటే ముందు పడితే ఎక్సోన్యూక్లియేస్ ప్రైమర్ల కొసలు కొరికేస్తుంది.

ముక్కలో జీ, సీ బేసులు ఎక్కువ ఉన్నాయని ఫ్యూజన్ జీసీ బఫర్‌కు వెంటనే మారిపోవద్దు. తయారీదారు ఇచ్చే లెక్కలోనే అందులో తప్పుల రేటు హెచ్‌ఎఫ్ (ఎక్కువ ఖచ్చితత్వపు) బఫర్‌తో పోలిస్తే రెట్టింపు పైన. ముందు హెచ్‌ఎఫ్‌లోనే 3 శాతం డీఎమ్‌ఎస్‌ఓ (స్ట్రాండ్లు విడిపోవడానికి తోడ్పడే ద్రావకం) వేసి చూడండి. డీఎన్‌టీపీ ఒక్కోటి 200 మైక్రోమోలార్ దాటనివ్వకండి. అది పెరిగినా, మెగ్నీషియం పెరిగినా ఎంజైమ్ తప్పు బేసును సహిస్తుంది.

ఎంజైమ్ ఎంత మంచిదైనా వేడి దాని మాట వినదు. 98 డిగ్రీల దగ్గర సైటోసిన్లు అమైనో గుంపు పోగొట్టుకుని యురాసిల్ అవుతాయి. క్యూ5 లాంటి వాటితో మిగిలే తప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటి దెబ్బలవే. సైకిళ్ళు తగ్గించడం కంటే మంచి మందు లేదు: 35 బదులు 25తో సరిపెట్టి, టెంప్లేట్ కాస్త పెంచండి.

ఇక్కడే ఇంకో సహాయక ప్రోటీన్ వస్తుంది, డీయూటీపేస్. వేడికి డీసీటీపీ (సైటోసిన్ ఇటుక) కూడా డీయూటీపీగా (యురాసిల్ ఇటుకగా) మారి కొత్త స్ట్రాండ్‌లో చేరుతుంది. పీఎఫ్‌యూ జాతి ఎంజైమ్‌లు టెంప్లేట్‌లో నాలుగు బేసుల ముందే యురాసిల్‌ను పసిగట్టి ఆగిపోతాయి. పీఎఫ్‌యూ టర్బో అనే రకంలో కలిపిన డీయూటీపేస్ ఆ డీయూటీపీని ఎప్పటికప్పుడు ముక్కలు చేస్తుంది. దీనివల్ల లాభం పొడవులో, దిగుబడిలో. యురాసిల్ ఉన్న ప్రైమర్లతో చేసే క్లోనింగ్‌ను మాత్రం ఇది ఆదుకోదు. దానికి యురాసిల్‌ను దాటేలా మార్చిన రకాలే కొనాలి.

బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్), ఎస్‌ఎస్‌బీ (ఒంటి స్ట్రాండ్‌ను పట్టే ప్రోటీన్), హాట్‌స్టార్ట్ యాంటీబాడీలను ఖచ్చితత్వం ఖాతాలో వేయకండి. మొదటిది మురికి శాంపిల్‌లోని అడ్డంకులను పీల్చుకుంటుంది, రెండోది విడిపోయిన స్ట్రాండ్ ముడుచుకోకుండా చూస్తుంది, మూడోది గది వేడిలో ఎంజైమ్‌ను ఆపి ఉంచుతుంది.

పీసీఆర్ అయ్యాక ఒక తలనొప్పి ఉంది. ఈ ఎంజైమ్‌లు మొద్దు కొసలు ఇస్తాయి కాబట్టి టీఏ క్లోనింగ్ (ముక్క కొసన వేలాడే ఏను వాహకం కొసన ఉన్న టీతో జతపరిచే పద్ధతి) నేరుగా కుదరదు. ముక్కను కాలమ్‌లో బాగా శుభ్రం చేశాకే ట్యాక్‌తో ఏ తగిలించాలి. మిగిలిన ఎంజైమ్ ఉంటే ఆ ఏను కొరికేస్తుంది. జెల్ కోసేటప్పుడు పొట్టి తరంగాల యూవీ వద్దు, నీలి కాంతి వాడండి.

క్లోన్‌లో తప్పు కనిపిస్తే అది ప్రైమర్ పరిధిలో ఉందేమో ముందు చూడండి. అక్కడి ఒక బేసు లోపాలు సాధారణంగా ఒలిగో (ప్రైమర్ లాంటి కృత్రిమ పొట్టి డీఎన్ఏ) తయారీవి, పాలిమరేస్‌వి కావు. 60 బేసులు దాటిన ప్రైమర్లను పేజ్ (పొడవును బట్టి జెల్‌లో వేరుచేసే) శుద్ధితో తెప్పిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.