పాత పికప్ వైరింగ్: అతుకులతో నెట్టుకురావడమా, మొత్తం మార్చడమా, భాగాలుగా కట్టించడమా?

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల నుంచి మార్కెట్ యార్డుకు కాయలు తోలే పికప్పుల్లో పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇంజను ఒకసారి బోరు చేయించుకుంటే మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది, ఛాసిస్ అంత తేలికగా పాడు కాదు. కానీ తెల్లవారుజామున కాయ నింపుకొని బయలుదేరాల్సిన వేళ బండిని కదలనీయకుండా చేసేది చాలాసార్లు వైరింగే. ఒక రోజు సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, మరొక రోజు హెడ్‌లైట్లు మసకబారతాయి, ఇంకొక రోజు బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది. అలాంటప్పుడు యజమానికి మూడు దారులు కనిపిస్తాయి. చెడిన చోటనల్లా అతుకు వేసుకుంటూ పోవడం మొదటిది, వైరింగ్ సెట్టు మొత్తం తీసేసి కొత్తది వేయించడం రెండవది, ఎక్కువగా దెబ్బతినే భాగాలను మాత్రమే కొత్తగా కట్టించడం మూడవది. మూడవదే మేలని నా అభిప్రాయం. అయితే లోపం అసలు వైరులోనే ఉందా అన్నది తేల్చుకోకుండా ఏ దారి పట్టినా డబ్బు వృథా అవుతుంది.

మా ఇంట్లో 2004 నాటి డీజిల్ పికప్ ఉంది. కొన్నేళ్ల కిందట వెనుక బాడీకి కొత్త రేకులు వేయించి, రంగు కొట్టించి తెచ్చిన వారంలోనే కుడివైపు వెనుక లైటు వింతగా వెలగసాగింది. పార్కింగ్ లైటు కాస్త మందంగానైనా వెలిగేది. బ్రేకు తొక్కగానే అది ఆరిపోయి, దాని బదులు ఇండికేటర్ సన్నగా వెలిగేది. చూసిన ఎలక్ట్రీషియన్ బండి పాతదైంది కనుక వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. మా నాన్నగారు ఒప్పుకోలేదు. లైటు డబ్బా నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక విడి వైరు తాత్కాలికంగా కలిపి చూడగానే మూడు బల్బులూ సరిగా వెలిగాయి. లైటును బండి బాడీకి, దాని ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు కలిపే ఎర్త్ బోల్టు కింద కొత్త రంగు పొర చేరి, కరెంటు తిరిగి వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. దారి దొరకని బ్రేకు కరెంటు పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా ఎదురు ప్రయాణం చేసింది. రంగు గీకి, బోల్టు బిగించి, పైన కొద్దిగా గ్రీజు రాయడంతో పని ముగిసింది. ఆ రోజు వైరింగ్ మొత్తం మార్పించి ఉన్నా, కొత్త వైరును అదే రంగు పొర మీద బిగించి ఉంటే లోపం అలాగే మిగిలేది.

పాత బండిలో లోపం ఎక్కువగా దొరికేది ఎర్త్ బోల్టుల దగ్గర, వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ కప్లర్ల లోపలి పిన్నుల దగ్గర, ఎవరో ఎప్పుడో వేసిన అతుకుల దగ్గర. రాగి వైరు మధ్యలో తనంతట తాను చెడిపోవడం అరుదు. ఈ చోట్ల చేరే నిరోధం కంటికి కనిపించనంత చిన్నది, కానీ దాని ఫలితం చిన్నది కాదు. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ దారిలో 0.2 ఓము నిరోధం చేరితే 1 వోల్టు అక్కడే పోతుంది. హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది. సెల్ఫ్ మోటారు విషయం ఇంకా తీవ్రమైనది. చల్లబడిన డీజిల్ ఇంజనును తిప్పేటప్పుడు అది 200 ఆంపియర్లకు పైగా లాగగలదు కనుక, దాని దారిలో 0.01 ఓము చేరినా 2 వోల్టులు మాయమవుతాయి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని ఛాసిస్‌కు కలిపేది జడలా అల్లిన ఒక ఎర్త్ పట్టీ. ఆ పట్టీ తెగితే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఆ కేబుల్ చేతికి వేడిగా తగిలితే కొత్త బ్యాటరీ కొనడం కాదు, ముందు పట్టీని చూడాలి.

లోపం వెతకడానికి టెస్ట్ ల్యాంపు మేలా, మల్టీమీటరు మేలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. మన ఆటో ఎలక్ట్రీషియన్ల చేతిలో హోల్డరు, బల్బు, రెండు వైర్లతో ఉండే టెస్ట్ ల్యాంపును తక్కువగా చూడకూడదు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తనలోకి దాదాపు కరెంటే తీసుకోదు. టెస్ట్ ల్యాంపు కరెంటు లాగుతుంది కనుక, దానికి తగినంత పెద్ద బల్బు ఉంటే వైరులోని బలహీనతను మసక వెలుగుతో బయటపెడుతుంది. కానీ ఎంత వోల్టేజి ఎక్కడ పోతోందో అది చెప్పలేదు. మీటరును సరిగా వాడే పద్ధతి వేరు. లైటు వెలుగుతుండగా ఒక ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోలు మీద, మరొకదాన్ని లైటు ఎర్త్ కొన మీద పెట్టాలి. అక్కడ 0.2 వోల్టుకు మించి చూపితే ఆ రెండు చోట్ల మధ్యనే లోపం ఉంది. ప్రోబ్‌ను ఒక్కొక్క కప్లర్ దాటిస్తూ జరిపితే అంకె ఒక్కసారిగా పడిపోయే చోటు దొరుకుతుంది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కు, సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టుకు మధ్య 0.5 వోల్టు దాటకూడదు. కొన్ని వందల రూపాయలకు దొరికే మీటరు ఈ పనికి చాలు. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. అవి లేకపోతే వైరింగును తప్పుపట్టే ముందు ఆల్టర్నేటరును, బెల్టును చూడాలి.

ఇక అతుకుల దారి. టమాట కోత నడుస్తున్న వారంలో బండి రెండు రోజులు ఆగితే వచ్చే నష్టం వైరింగు ఖర్చును మించుతుంది కాబట్టి అతుకును పూర్తిగా కాదనలేము. నా అభ్యంతరం అతుకు వేసే తీరు మీదే. వైర్లు మెలిపెట్టి పైన ఇన్సులేషన్ టేపు చుడితే, మన ఎండలకు ఇంజను వేడి తోడై టేపు జిగురు కారి, రెండు వేసవుల్లో విప్పుకుంటుంది. ఎర్రమట్టి దుమ్ము ఆ జిగురుకు అంటుకొని తేమను పట్టి ఉంచుతుంది. సోల్డరు పెడితే గట్టిదని చాలామంది నమ్ముతారు, కానీ కరిగిన సోల్డరు పోగుల మధ్యకు పాకి ఆ మేర వైరును పుల్లలా బిరుసుగా చేస్తుంది, అదిరే బండిలో సరిగ్గా ఆ బిరుసు ముగిసే చోట పోగులు తెగుతాయి. వైరు కొనకు తొడిగే లోహపు లగ్గును సరైన సైజులో తీసుకొని, కటింగ్ ప్లేయరుతో కాక క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కి, లోపల జిగురు ఉన్న స్లీవును వేడి చేసి బిగిస్తే ఆ అతుకు ఏళ్ల పాటు నిలుస్తుంది. ఇంటి వైరింగుకు వాడే వైరు ముక్కను ఇంజను పక్కన వేయకూడదు. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు, ఇంకా ఘోరంగా రాగి పోగు పెట్టడం అతుకు కాదు, అగ్గి పెట్టడమే. ఫ్యూజు పోవడం లోపం కాదు, లోపం ఉందన్న కబురు.

వైరింగ్ మొత్తం మార్చడం వినడానికి నిశ్చింతగా ఉంటుంది. కానీ డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, బండి రోజుల తరబడి ఆగాలి, పాత మోడలుకు అచ్చంగా సరిపోయే సెట్టు దొరకాలి. దొరకనప్పుడు కొందరు గుజిరీ అంగడిలో అదే మోడలు బండి నుంచి తీసిన పాత సెట్టు తెస్తారు. దాని వయసూ మన బండి వయసూ ఒకటే కనుక అది మార్పు కాదు, మరొక బండి రోగాన్ని తెచ్చుకోవడం. చేత్తో కట్టే సెట్టులో తరచూ కనిపించే లోపం రంగులది. కంపెనీ వైరింగులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రంగు, గీత ఉంటాయి. చేత్తో కట్టేవారు అన్నీ ఎర్ర వైర్లో, అన్నీ నల్ల వైర్లో వేస్తే, మూడేళ్ల తరువాత హారన్ వైరు ఏదో వైపరు వైరు ఏదో తేల్చడం కట్టినవారికే కష్టం. అయినా కొన్ని బండ్లకు ఈ దారి తప్పదు. ఇంజను దగ్గర, డ్యాష్‌బోర్డు కింద, ఛాసిస్ వెనుక, మూడు చోట్ల వైరును వంచి చూసినప్పుడు పై తొడుగు పగిలినా, ఒక సెంటీమీటరు ఒలిచి చూస్తే రాగి నల్లబడి ఉన్నా, క్యాబిన్ లోపల ఒకసారి నిప్పు రాజుకొని ఉన్నా అతుకులకు కాలం చెల్లినట్టే. శెనక్కాయ మూటలున్న కొట్టం పక్కన నెలల తరబడి నిలిపిన బండిలో ఎలుకలు డ్యాష్‌బోర్డు కింద వైర్లు కొరికి ఉంటే కూడా అంతే.

ఆ మూడు చోట్ల పరీక్ష చేస్తే చాలా బండ్లలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజను గదిలోని వైర్లు వేడికి బిరుసెక్కి ఉంటాయి, ఛాసిస్ వెంట వెనక్కు పోయే వైర్లు నీళ్లకు, రాళ్ల దెబ్బకు చెడి ఉంటాయి, క్యాబిన్ లోపలివి మాత్రం మెత్తగా, లోపల రాగి మెరుస్తూ ఉంటాయి. మెరిసే రాగిని పీకి పారేయడంలో అర్థం లేదు. అందుకే ముందు ఎర్త్‌లన్నీ విప్పి, గీకి, కొత్త లగ్గులతో బిగించి, తరువాత ఇంజను గది భాగాన్ని, వెనుక భాగాన్ని పాత రంగులతోనే కొత్తగా కట్టించడం మేలంటున్నాను. ఈ పనిలోనే హెడ్‌లైట్లకు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు, పెట్టించాలి. రిలే లేని పాత బండ్లలో రెండు 60 వాట్ల బల్బుల 10 ఆంపియర్లూ స్విచ్ గుండానే పోతాయి. వాటి బదులు 100 వాట్ల బల్బులు వేస్తే ఆ కరెంటు సుమారు 17 ఆంపియర్లవుతుంది, కప్లర్ కరిగేది అందుకే. రిలేలో 30వ పిన్నుకు ఫ్యూజు ద్వారా బ్యాటరీ వైరు, 87వ పిన్ను నుంచి బల్బుకు వైరు, 85, 86 పిన్నులకు ఎర్త్, పాత స్విచ్ వైరు వస్తాయి. బల్బు దారికి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నాలుగు మీటర్లలో 10 ఆంపియర్లకు 0.9 వోల్టు పోతుంది, 2.5 వేస్తే 0.3 వోల్టు కూడా పోదు.

కామన్ రైల్ ఇంజను, దాన్ని నడిపించే ఈసీయూ అనే ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టె ఉన్న కొత్త తరం బండ్లకు ఈ మాటలన్నీ వర్తించవు. సెన్సార్ వైర్ల మీద బల్బు టెస్ట్ ల్యాంపు పెట్టకూడదు, అక్కడ మీటరే వాడాలి, కొత్తగా కట్టించడం కంటే కంపెనీ భాగమే కొనడం క్షేమం. ఏ బండికైనా బాడీ వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, వెల్డింగ్ ఎర్త్‌ను అతుకు పడే చోటికి దగ్గరగా పట్టించాలి.

మా బండిలో క్యాబిన్ వైరింగ్ ఇప్పటికీ 2004 నాటిదే. ముందు, వెనుక భాగాలు మార్పించినప్పుడు ఏ రంగు ఎక్కడికి పోతుందో మా నాన్నగారు ఒక నోటుబుక్కులో రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు. మొన్న తాడిపత్రి దారిలో హారన్ ఆగినప్పుడు ఆ పేజీ చూసి, రేడియేటరు పక్కన ఊడిన లగ్గును పది నిమిషాల్లో బిగించి ముందుకు సాగారు.