పోస్టరా, టాకా? పెద్ద జెనెటిక్స్ సదస్సుకు ఏది మేలు?

సదస్సులకు అబ్‌స్ట్రాక్ట్‌లు (పరిశోధన సారాంశాలు) పంపే సీజన్ వచ్చిందంటే రీసెర్చ్ స్కాలర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఫారంలో టాక్ (స్టేజీ మీద ప్రసంగం) కావాలా, పోస్టర్ (పని వివరాలతో పెద్ద షీటు తగిలించి పక్కన నిలబడి చెప్పడం) చాలా అని ఉంటుంది కదా, ఎక్కడ టిక్ పెట్టాలి? అడిగేవాళ్లలో చాలామంది మనసులో జవాబు ముందే ఉంటుంది: టాక్ అంటే గొప్ప, అది రానివాళ్లకు పోస్టర్ ఇస్తారు. ఈ మాట నేను ఒప్పుకోను. వేలమంది వచ్చే సదస్సులో, అందులోనూ జెనెటిక్స్‌లో, లెక్క వేరు.

ముందు టాక్ సంగతి. దాని బలాన్ని తక్కువ చేసి చెప్పడానికి లేదు. పెద్ద సదస్సుల్లో మామూలుగా దొరికేది పది, పన్నెండు నిమిషాలు, ఆపైన రెండు మూడు ప్రశ్నలు. అంతలోనే మీ పేరు, ముఖం, పని మూడూ కలిపి ఒక హాలు నిండా జనానికి తెలుస్తాయి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) వెతుక్కునే ఏడాదిలో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. పేపర్ దాదాపు సిద్ధమై, ఫలితాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే టాకే అడగండి. లక్షలమంది డేటా మీద జీవాస్ (జీనోమ్ అంతా వెతికి జబ్బుతో ముడిపడిన చోట్లు పట్టే విశ్లేషణ, GWAS) చేశారు, 5×10⁻⁸ అనే గణాంకాల గీత దాటిన సిగ్నళ్లు వచ్చాయి, వేరే కోహార్ట్‌లోనూ (ఇంకో జనసమూహం డేటాలోనూ) అవి నిలబడ్డాయి. ఇది స్టేజీ మీద బాగా పండుతుంది. ఆ సిగ్నళ్లు ఎత్తైన భవనాల్లా లేచి కనిపించే మన్‌హాటన్ ప్లాట్ తెర మీద పడగానే హాల్లోవాళ్లకు సగం విషయం అర్థమైపోతుంది.

చిక్కల్లా, టాక్‌లో రెండో ప్రశ్నకు చోటుండదు. మైక్ దగ్గరికి వచ్చినావిడ "పాపులేషన్ స్ట్రక్చర్‌ని ఎలా సరిచేశారు?" అని అడుగుతారు. అంటే, జనాల పూర్వీకుల తేడాలు ఫలితాన్ని తప్పుదోవ పట్టించకుండా ఏం చేశారని. ఆ తేడాలను పట్టే గణాంక పద్ధతి పేరు చెప్పి "ప్రిన్సిపల్ కాంపొనెంట్లు వాడాం" అంటారు మీరు. ఆవిడ అసలు అనుమానం ఆ జవాబు విన్నాకే మొదలవుతుంది. ఈలోపు ఛైర్ తర్వాతి వక్తని పిలిచేస్తారు. అడగకుండా మిగిలిపోయిన ఆ ప్రశ్నే కొన్ని నెలల తర్వాత రివ్యూయర్ రిపోర్టులో ఎదురవుతుంది.

అందుకే నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: మీ పనికి ఇప్పుడు కావలసింది వినేవాళ్లా, గుచ్చి గుచ్చి అడిగేవాళ్లా? పని ఇంకా సగంలో ఉంటే, ముఖ్యంగా అరుదైన జబ్బుల మీద పనైతే, నా ఓటు పోస్టర్‌కే.

కారణం చెబుతాను. ఒక కుటుంబంలో, ఇంతవరకూ ఏ జబ్బుతోనూ సంబంధం తేలని జన్యువులో మీకొక వేరియంట్ (జన్యు మార్పు) దొరికిందనుకోండి. ఆ ఒక్క కుటుంబంతో రుజువు నిలవడం కష్టం. ఇంకో కుటుంబం కావాలి. దానికి, ఒకే జన్యువు మీద పనిచేసేవాళ్లను కలిపే జీన్‌మ్యాచర్ లాంటి సాధనాలు 2013 నుంచీ ఉన్నాయి, వాడాలి కూడా. కానీ పోస్టర్ దగ్గర జరిగేది వేరు. మా గ్రూపు అమ్మాయి పోస్టర్ ముందు ఒకసారి ఓ పిల్లల న్యూరాలజిస్ట్ ఆగారు. టైటిల్ వైపు చూడనేలేదు. తిన్నగా లక్షణాల పట్టిక దగ్గరికి వంగి, వేలితో ఒక్కో వరుసా దిగుతూ వచ్చారు. మూర్ఛలు ఏ వయసులో మొదలయ్యాయి? జ్వరంతో వచ్చాయా, జ్వరం లేకుండానా? తల చుట్టుకొలత పుట్టినప్పుడే తక్కువగా ఉందా, తర్వాత పెరగడం ఆగిందా? అన్నీ విన్నాక నెమ్మదిగా, "మా దగ్గరా ఒక పాప ఉంది. ఎక్సోమ్ అనే జన్యు పరీక్షలో ఇదే జన్యువు వచ్చింది, ఏమీ తేలక పక్కన పెట్టాం" అన్నారు. మైక్ ముందు ఈ మాట ఎవరూ అనరు. తను ప్రచురించని కేసు గురించి వందలమంది వినేలా చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది?

చరిత్రలో ఈ రెండు పద్ధతులూ ఒకే చోట కనిపించిన సందర్భం ఒకటి నాకు చాలా ఇష్టం. 1932లో అమెరికాలోని ఇథాకాలో జరిగిన ఆరో అంతర్జాతీయ జెనెటిక్స్ కాంగ్రెస్ అది. జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ తన అడాప్టివ్ ల్యాండ్‌స్కేప్ ఆలోచనని (ఏ జన్యు కలయిక జీవికి ఎంత మేలో ఎత్తుపల్లాలుగా చూపేది), ఆ శిఖరాలూ లోయల బొమ్మని, అక్కడే ఉపన్యాసంలో వివరించాడు. ఇప్పటికీ పాఠాల్లో ఆ బొమ్మ గీస్తూనే ఉన్నాం. అదే కాంగ్రెస్‌లో మొక్కజొన్న మ్యూటెంట్లను (జన్యు మార్పు ఉన్న మొక్కలను), వాటి జన్యువులు క్రోమోజోముల మీద ఏ వరుసలో ఉంటాయో అదే వరుసలో, నేలలో నాటి చూపించారు. జన్యువుల వరుసను చూపే ఆ లింకేజీ మ్యాప్ పక్కనే నడుస్తూ, ఆగి, ఆకు పట్టుకుని చూసి, పక్కవాళ్లతో వాదించుకోవచ్చు. పోస్టర్‌లో నేను చూసే గుణం ఇదే.

ఇక తయారీ. పోస్టర్ మధ్యలో ఒకే ఫలితాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టే పద్ధతి 2019లో మైక్ మారిసన్ అనే పరిశోధకుడి వీడియోతో బాగా పాకింది. దూరం నుంచి జనాన్ని ఆపడానికి అది పనికొస్తుంది. అయితే మన రంగంలో ఆగినవాళ్లు వెంటనే పచ్చి డేటా చూపించమంటారు. ట్రాన్‌స్క్రిప్ట్ నంబరు (జన్యువు ఏ రూపాన్ని ఆధారంగా తీసుకున్నారో చెప్పేది), జీనోమ్ బిల్డ్ (పోలికకు వాడే జీనోమ్ వెర్షన్) 37దా 38దా, పెడిగ్రీలో (వంశవృక్షపు బొమ్మలో) ఎవరెవరిని సీక్వెన్స్ చేశారు, ఇవి పోస్టర్ మీదే ఉండాలి. బిల్డ్ రాయకపోతే ఎదుటివాళ్లు తమ దగ్గరున్న వేరియంట్‌తో అక్కడికక్కడే పోల్చి చూసుకోలేరు. అలా పోల్చుకోవడం కోసమే కదా మీరక్కడ నిలబడింది.

పోస్టర్‌కి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టాక్‌లో స్లైడ్ కొన్ని క్షణాలు కనిపించి పోతుంది. పోస్టర్ గంటల తరబడి వేలాడుతుంది, మీరు లేనప్పుడు కూడా. ఫోటోలు తీయొద్దని బోర్డు పెట్టినా తీసేవాళ్లు తీస్తారు. అరుదైన జబ్బున్న కుటుంబాన్ని పెడిగ్రీ ఆకారం చూసి గుర్తుపట్టే ప్రమాదం నిజంగా ఉంది. జబ్బు లేని తోబుట్టువుల ఆడా మగా గుర్తులు అనవసరమైతే తీసేసి, డైమండ్ గుర్తు పెట్టండి. పిల్లల ముఖాల ఫోటోలకైతే, బహిరంగంగా ప్రదర్శించడానికి కూడా సమ్మతి ఉందో లేదో కాగితం తీసి చదువుకోండి. వైద్యానికి ఇచ్చిన సమ్మతి దీనికి సరిపోదు.

ఈ-పోస్టర్ మాత్రమే దొరికితే తీసుకోండి, కానీ స్క్రీన్ ముందు జనం ఎక్కువసేపు నిలబడరు. రెండు మూడు నిమిషాల మెరుపు టాక్ పోస్టర్‌కి తోడుగా ఇస్తే మంచిదే, విడిగా అయితే పెద్దగా ఉపయోగం లేదు. ఏమీ సమర్పించకుండా ఊరికే వెళ్లి రావడం మొదటిసారికి నేర్చుకోవడానికి సరే.

టిక్ విషయానికొస్తే, చాలా ఫారాల్లో టాక్ అడిగి, అది రాకపోతే పోస్టర్ ఇచ్చినా సరేనని చెప్పే వీలుంటుంది. పేపర్ చివరిదశలో ఉన్నవాళ్లు అదే పెట్టండి. మిగతావాళ్లు గైడ్‌తో మాట్లాడి పోస్టర్ ఒక్కటే అడగండి. టాక్ వచ్చినవాళ్లు సెషన్ అయ్యాక వేరే పనేదీ పెట్టుకోకుండా హాలు తలుపు దగ్గరే కాసేపు ఉండండి. మైక్ దగ్గర వంతు రానివాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే.