ఎస్కాన్స్‌కి పాత్ ఇచ్చి బిల్డ్ చేయడం: నాలుగేళ్ల తర్వాత

నాలుగేళ్లుగా ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టును, సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే ఎస్కాన్స్ అనే టూల్‌తోనే బిల్డ్ చేస్తున్నాను. దీన్ని మెచ్చుకునేవాళ్లు బిల్డ్ ఫైళ్లు పైథాన్‌లో రాసుకోవచ్చంటారు, తిట్టేవాళ్లు నిదానం అంటారు. నేను రోజూ తలపడేది ఇంకోదానితో: కమాండ్ లైన్‌లో ఒక పాత్ (ఫైల్ లేదా ఫోల్డర్ ఉన్న చోటు) ఇచ్చి, కావలసినంత మేరకే బిల్డ్ చేయించుకోవడం.

ముందు బాగున్న సంగతి. ఫోల్డర్ పేరు ఇస్తే చాలు, అందులోనూ దాని కిందా తయారవ్వాల్సినవన్నీ తయారవుతాయి. వాటికి కావలసిన లైబ్రరీ ఎక్కడో వేరే ఫోల్డర్‌లో ఉన్నా ముందు దాన్ని పూర్తి చేసి వస్తుంది. మేక్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో 'టెస్ట్' అనే టార్గెట్ (తయారు చేయాల్సినదాని పేరు) రాసుకుని, అదే పేరుతో ఫోల్డర్ కూడా ఉంటే, అది ఫోనీ (ఫైల్ కాదు, ఉత్త పేరే) అని ప్రకటించనంత వరకు అంతా తాజాగానే ఉందని చెప్పి చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ ఫోల్డర్ కూడా ఒక టార్గెట్టే. ఇంకా హాయినిచ్చేది వేరియంట్ డైరెక్టరీ వ్యవహారం. మా ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ (సోర్సును కంపైల్ చేస్తే వచ్చేవి) విడిగా ఒక బిల్డ్ ఫోల్డర్‌లోకి పోతాయి. అయినా నేను సోర్సు ఫోల్డర్ పేరే కొడతాను, దానికి జతగా ఉన్న బిల్డ్ టార్గెట్లను అదే పట్టుకుంటుంది.

ఏ పాత్ ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా ప్రకటించినవే బిల్డ్ అవుతాయి. చుక్క పెడితే ప్రస్తుత ఫోల్డర్ కింద ఉన్నవన్నీ. ఆ చుక్క కూడా ప్రాజెక్టు బయటికి వెళ్లదు, ఇన్‌స్టాల్ చేయాల్సిన చోటు పాత్‌నో, దానికి పెట్టుకున్న అలియాస్‌నో (మనం ఇచ్చుకున్న పేరు) విడిగా ఇవ్వాలి. లోపలి ఫోల్డర్ నుంచి నడపాలంటే చిన్న యు (-u) ఆప్షన్ ఉంది: ప్రాజెక్టు ప్రధాన బిల్డ్ ఫైల్ అయిన ఎస్‌కన్‌స్ట్రక్ట్ దొరికేదాకా పైకి వెళ్లి, మనం నిలబడిన ఫోల్డర్ మేరకే కడుతుంది. పెద్ద యు (-U) కూడా ఉంది కానీ, నేను దాన్ని వాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు చిరాకు. ఒక్క ఫైల్ పాత్ ఇచ్చినా ఎస్కాన్స్ ముందు ప్రాజెక్టు బిల్డ్ స్క్రిప్టులన్నీ చదువుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఒక ఆబ్జెక్ట్ ఫైల్ కోసం ప్రాజెక్టు మొత్తం తిరిగి వస్తుంది. పాత్ తగ్గిస్తే బిల్డ్ తగ్గుతుంది, ఈ చదువు తగ్గదు.

దీన్ని తప్పించుకుందామని, కమాండ్ లైన్ టార్గెట్ల లిస్టులో 'డాక్స్' (డాక్యుమెంటేషన్ ఫోల్డర్ పేరు) ఉంటేనే ఆ ఫోల్డర్ స్క్రిప్టును చదివేలా ఒక షరతు రాశాను. నాకు బాగానే పనిచేసింది. టీమ్‌లో ఒకతను మాత్రం డాక్యుమెంటేషన్ రావట్లేదని మూడు రోజులు తల పట్టుకున్నాడు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, బిల్డ్ ప్రశాంతంగా ముగుస్తోంది. చివరికి చూస్తే, అతను ట్యాబ్ కొట్టి పేరు పూర్తి చేస్తున్నాడు, షెల్ చివర ఒక స్లాష్ తగిలిస్తోంది. ఆ లిస్టులో మనం టైప్ చేసిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, స్లాష్‌తో సహా. పోల్చే ముందు పాత్‌ను నార్మలైజ్ చేయాలన్న (ఒకే రూపానికి తేవాలన్న) బుద్ధి నాకు అప్పుడు వచ్చింది. అన్నట్టు, పాత్‌లో ఈక్వల్ గుర్తు ఉంటే దాన్ని టార్గెట్‌గా కాక వేరియబుల్‌గా తీసుకుంటుంది, అలాంటి పేర్లు పెట్టకండి.

తయారైన ఫైళ్లను తీసేసే క్లీన్ విషయంలో ఇంకా గట్టి దెబ్బ తిన్నాను. ఒక చిన్న టూల్‌ను మాత్రమే శుభ్రం చేద్దామని సి ఆప్షన్‌తో దాని పాత్ ఇచ్చాను. ఆ టూల్ ఆధారపడే కామన్ లైబ్రరీ, దాని ఆబ్జెక్ట్ ఫైళ్లు అన్నీ ఎగిరిపోయాయి. లెక్క ప్రకారం అది చేసింది సరైనదే. ఒక టార్గెట్‌ను బిల్డ్ చేయడానికి ఏ ఆధారాల చెట్టు ఎక్కుతుందో, క్లీన్ చేయడానికీ అదే చెట్టు ఎక్కుతుంది. నేనే ఫోల్డర్ డిలీట్ చేసినట్టు ఊహించుకున్నాను. సాయంత్రం మొత్తం రీబిల్డ్‌కే సరిపోయింది. ఇప్పుడు ఎన్ ఆప్షన్ కూడా కలిపి, ఏమేం తీసేస్తుందో చూశాకే అసలు కమాండ్ కొడతాను. ఆ లైబ్రరీకి, క్లీన్‌లో పోకుండా కాపాడే నోక్లీన్ పెట్టేశాను.

బేజెల్ అనే మరో బిల్డ్ టూల్‌లో పాత్ ముందు మైనస్ పెట్టి 'ఇది తప్ప మిగతావన్నీ' అనొచ్చు. అది ఇక్కడ లేదు. ఒక్క ఫోల్డర్‌ను వదిలేయాలంటే మిగతా వాటి పేర్లన్నీ వరుసగా రాయాల్సిందే. నేనైతే అలా రాసి ఒక అలియాస్‌గా పెట్టుకున్నాను. కొత్త ఫోల్డర్ వచ్చిన ప్రతిసారీ దాన్ని అందులో చేర్చడం మర్చిపోతుంటాను.