టూ స్ట్రోక్ సిలిండర్ పోర్టింగ్‌కు ఏ బిట్లు పనికొచ్చాయి

చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ సిలిండర్ల పోర్టింగ్ కోసం, అంటే సిలిండర్ గోడలోని వాయువుల దారులను (పోర్టులను) కోసి సరిదిద్దడానికి, నేను కొన్న రోటరీ బిట్లలో ఇన్నేళ్ల తర్వాత కూడా చేతికి తగిలేవి నాలుగైదే. తక్కిన సెట్టంతా డబ్బాలో పడి ఉంది. కొనేముందు మీ సిలిండర్ లోపల ఏముందో చూసుకోండి. కాస్ట్ ఐరన్ లైనరా (లోపలి గొట్టం), అల్యూమినియం మీద నికాసిల్ లేదా క్రోమ్ పూతా అన్నది తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

కాస్ట్ ఐరన్‌కు డబుల్ కట్ కార్బైడ్ బర్, అంటే రెండు దిశల్లో గాడులు కోసిన పళ్ల బిట్, చాలా బాగుంది. రజను సన్నగా రాలుతుంది, టూల్ చేతిలో ఎగరదు. అదే బర్‌ను అల్యూమినియం మీద పెడితే పళ్ల సందుల్లో లోహం అతుక్కుపోతుంది, ఇక కోత ఆగి ఉత్త రాపిడే మిగులుతుంది. అల్యూమినియానికి పళ్లు తక్కువగా, గాడులు లోతుగా ఉండే సింగిల్ కట్ బర్ వేరే దొరుకుతుంది. దాన్ని కూడా మధ్యమధ్యలో కొవ్వొత్తికి ఆనించి మైనం పట్టిస్తాను. అతుక్కోవడం బాగా తగ్గుతుంది.

పూత ఉన్న సిలిండర్లో పోర్ట్ అంచుకు కార్బైడ్ తగలనివ్వను. నికాసిల్ అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు. గట్టిదే, కానీ బర్ పన్ను తగిలితే అంచున పెచ్చులు లేస్తాయి. అక్కడ డైమండ్ బిట్టే వాడాలి. బిట్ తిరిగే దిశ పూతను బోర్ (పిస్టన్ కదిలే రంధ్రం) నుంచి పోర్ట్ వైపు, అంటే కింది అల్యూమినియం మీదకు అదిమేలా ఉండాలి. ఎదురు తిరిగితే పూతను పైకి లేపేస్తుంది. చవక డైమండ్ బిట్ల పొడి త్వరగా రాలిపోతుంది కాబట్టి పూత మందం వరకే వాటితో తీసి, లోపలి పని కార్బైడ్‌కు వదిలేస్తాను.

ఆకారాల్లో గుండ్రటి బాల్ బర్ అందరికీ ముందు నచ్చుతుంది. మూలలకు సరే గానీ, పోర్ట్ పైఅంచు మీద నడిపిస్తే గుంటలు గుంటలుగా వస్తుంది. గుండ్రటి మొన ఉన్న సిలిండర్ ఆకారం, 6 మి.మీ. తల ఉన్నది నాకు ఎక్కువ పని చేసింది. చివరి గీత మాత్రం చేతి ఆకురాయితోనే.

ట్రాన్స్‌ఫర్ పోర్టులకు (క్రాంక్‌కేస్ నుంచి ఇంధన మిశ్రమం పైకి వచ్చే దారులకు) ఏ బర్ కొన్నా, తిన్నటి టూల్ బోర్ లోంచి అందదు. రైట్ యాంగిల్ హెడ్ కావాలి, అది మీ బోర్‌లో పడుతుందో లేదో ముందే కొలవండి. పొడవు షాంక్ (కాడ) బర్లతో నెట్టుకొద్దామంటే వేగం బాగా తగ్గించాలి, లేకపోతే షాంక్ వంగి కొట్టుకుంటుంది. అన్నట్టు, 3 మి.మీ. షాంక్‌ను 3.2 కోలెట్‌లో (టూల్‌లో బిట్‌ను పట్టి ఉంచే భాగంలో) బిగిస్తే సరిగ్గా మధ్యలో కూర్చోకపోవచ్చు. ఆ వణుకే అంచులను పాడుచేస్తుంది.

పని అయ్యాక పిస్టన్ రింగ్ తగులుకోకుండా పోర్ట్ అంచులన్నిటికీ ఛాంఫర్ ఇవ్వాలి, అంటే పదును పోయేలా వాలుగా తీయాలి. దీనికి సన్నటి రాయి బిట్ చాలు. ఎగ్జాస్ట్ లోపల చీలిక మ్యాండ్రెల్‌కు (పేపర్ దూర్చే చీలిక ఉన్న కడ్డీకి) చుట్టిన 120 నంబర్ ఎమెరీ పేపర్‌తో ఆపేస్తాను, ఫెల్ట్ పాలిష్ బిట్లు కొనడం మానేశాను.